రాశి చూసి మురిసిన ఏనుగు

అనగనగా ఒక అడవిలో ఒక ఏనుగు పెద్దరికం చేస్తుండేది. మంచిదే. కాకపోతే కూర్చున్న చోటు నుంచి కదలని మంచితనం దానిది.

ఆ అడవిలో గడ్డలు ఊరే దిబ్బలు మూడుండేవి. ముళ్లపందులు వాటి మీదే బతికేవి. వాగు అవతలి అడవి నిండా ఇప్పచెట్లు.

ఒకరోజు నక్క ఒక ఉపాయం చెప్పింది. "మన గడ్డలు వాగు అవతలి వాళ్లకిద్దాం. వాళ్ల ఇప్పపువ్వు మనం తెచ్చుకుందాం."

ఏనుగు సరేనంది. దిబ్బలు తవ్వారు. కోతులు మోసుకెళ్లి, మోసుకొచ్చాయి. వచ్చిన పువ్వంతా సాయంత్రం పూట బండ మీద రాశి పోసేవారు. ఎవరికి కావలసినంత వాళ్లు పట్టుకెళ్లొచ్చు.

ఏనుగు రోజూ ఆ రాశి చూసేది. "అబ్బో, నా అంత ఎత్తుంది! ఇక మన అడవిలో ఆకలన్న మాటే లేదు" అని వెళ్లి పడుకునేది.

రెండు దిబ్బలు అయిపోయాయి. "మూడోది కూడా తవ్విద్దాం" అంది నక్క.

అప్పుడు కొమ్మ మీంచి గోరింక అరిచింది. "ఆగు తాతా! రాశి చూశావు సరే, ఎవరి పొట్టలో ఎంత పడిందో చూశావా?"

"దీనికి నోరెక్కువైంది" అంది నక్క. "రాశి పెరిగితే అందరికీ పెరిగినట్టే కదా!"

"నీ పొట్ట నిండితే నాకు తేన్పు వస్తుందా నక్క బావా?"

ఏనుగు ఆలోచనలో పడింది. "మూడు రోజులు గడువిస్తున్నాను. చూసి రా" అంది.

గోరింక ఎవరినీ "బాగున్నారా?" అని అడగలేదు. అడిగితే అందరూ బాగున్నామనే అంటారు. గుమ్మం ముందు ఏం పడి ఉందో చూసింది.

మొదటి రోజు ఎలుగుబంటి గుహకు వెళ్లింది. వాకిట్లో పువ్వు కుప్పలుగా కుళ్లుతోంది.

రెండో రోజు కోతుల చెట్టు. పోయిన ఎండాకాలం ఎండుటాకులు నమిలిన పిల్లలు ఇప్పుడు బుగ్గల నిండా పువ్వు కుక్కుకుని ఎగురుతున్నాయి.

మూడో రోజు ముళ్లపంది బొరియ. దాని ముందు అరిగేదాకా కొరికిన దుప్పి కొమ్ము ఒక్కటే ఉంది.

"రాశి దగ్గరికి పోవా అక్కా?" అంది గోరింక.

"చీకటి పడితేగానీ బయటికి రాని జాతి మాది. మేం పోయేసరికి బండ నాకడానికి కూడా ఏమీ మిగలదు. నాకు ముగ్గురు పిల్లలమ్మా. నిన్నటితో ఇద్దరయ్యారు."

గోరింక వచ్చి చూసింది చూసినట్టు చెప్పింది. ఏనుగు గబుక్కున లేచింది. "ఇచ్చిపుచ్చుకోవడమే వద్దు! వాగు దారి మూసేయండి!"

"మళ్లీ తొందరే! మూస్తే కోతిపిల్లలు ఎండుటాకులు నములుతాయి. తెచ్చుకోవడం తప్పు కాదు తాతా. ఎవరి దిబ్బ తవ్వామో వాళ్లకి ముందు పెట్టకపోవడం తప్పు."

ఏనుగు మాట మార్చుకుంది. మూడో దిబ్బ ముళ్లపందులదే. మిగతా రెంటిలో మళ్లీ ఊరిన గడ్డలే అవతలికి పంపాలి. వచ్చిన పువ్వు ముందు బొరియలకు చేరాలి, తర్వాతే బండ మీదకి.

"మరి నా వాటా తగ్గదా?" అని గొణిగింది ఎలుగుబంటి.

"నీ వాకిట్లో కుళ్లేది తగ్గుతుంది" అంది గోరింక.

మొదటి మోపు ఏనుగే స్వయంగా మోసుకెళ్లింది. పిల్లలిద్దరూ ఆవురావురుమంటూ తిన్నారు. తల్లి మాత్రం దండం పెట్టలేదు.

"ఆ మూడు రోజుల గడువేదో మొదటి దిబ్బ తవ్వకముందే ఇవ్వాల్సింది పెద్దాయనా" అంది.

 ఏనుగు తల వంచి, పక్క బొరియకు మోపు మోయడానికి వెళ్లింది.

నీతి: అందరికీ మేలు జరిగిందో లేదో రాశి ఎత్తు చెప్పదు, అందరికంటే ఆఖరున తినేవాళ్ల గుమ్మం చెబుతుంది. ఆ గుమ్మం దాకా ముందే నడిచి వెళ్లాలి.