గురవయ్య మలుపు

అనగా అనగా, దారి అంటే రెండు బండిచాళ్లే అయిన కాలంలో, ఏటిగడ్డన ఒక ఊరు ఉండేది. ఆ ఊరి మొదట్లో, దారి మలుపు తిరిగే చోట, కుమ్మరి గురవయ్య గుడిసె. గురవయ్యకు పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నవి రెండు కాళ్లు. తెల్లారి లేచి వాటితో మట్టి తొక్కేవాడు. ముద్ద వెన్నలా అయ్యేదాకా తొక్కేవాడు. కుండలు చేసి వాకిట్లో ఎండబెట్టేవాడు. తల్లి, పెళ్లాం, తను, ముగ్గురూ ఆ కాళ్ల మీదే బతికేవారు.

ఆ ఊరి బండివాళ్లకు ఒక అలవాటు ఉండేది. సంతలో సరుకు దించాక, పగ్గాలు బండి గుంజకు చుట్టేసి వెనక్కి వాలి నిద్రపోయేవారు. ఎడ్లకు ఇంటిదారి తెలియదా ఏమిటి అనేవారు.

ఒక సంతరోజు మిట్టమధ్యాహ్నం రంగప్ప నాయుడి బండి అలాగే వచ్చింది. బండి తోలే కోటప్ప గురక పెడుతున్నాడు. ఇల్లు దగ్గరపడిందని ఎడ్లు పరుగందుకున్నాయి. మలుపు తిరగకుండా గురవయ్య వాకిట్లోంచి అడ్డంగా దూసుకుపోయాయి. కుండలు పగిలాయి. కుండలకు అడ్డం వెళ్లిన గురవయ్య కుడిపాదం మీద చక్రం ఎక్కి దిగింది.

ఎముకలు కట్టే ముసలాయన వెదురుబద్దలు పెట్టి కట్టాడు. కర్ర పట్టుకుని నడుస్తావు గానీ ఇక మట్టి తొక్కలేవు అన్నాడు. ఇంట్లో గింజలు అయిపోయాయి. గురవయ్య కర్ర అందుకుని లేచాడు.

మొదట నాయుడి అరుగు దగ్గరికి పోయాడు.

"నా కాలు తొక్కింది ఎవరు బాబూ? అది తేలాలి."

బండి నాదే గానీ నేను ఇంట్లో ఉన్నాను కదా, తోలినవాణ్ణి అడుగు అన్నాడు నాయుడు.

తర్వాత కోటప్ప దగ్గరికి పోయాడు.

"నా కాలు తొక్కింది ఎవరు కోటప్పా? అది తేలాలి."

"నేను తోలితే కదా మామా! నేను నిద్రలో ఉన్నాను. నడిపింది ఎడ్లు. వెళ్లి వాటినే అడుగు."

పక్కనున్నవాళ్లు పకపకా నవ్వారు. గురవయ్య నవ్వలేదు. కుంటుకుంటూ కొట్టంలోకి పోయి ఎడ్లను కూడా అదే మాట అడిగాడు. అవి నెమరు వేస్తూ చూశాయి. కాదనలేదు.

అప్పుడు గురవయ్య ఊరిపెద్ద దగ్గర పంచాయితీ పెట్టించాడు. ఊరిపెద్ద నాయుడి మాట కాదనలేని మనిషి. తప్పు ఎవరిదని అడిగాడు. ఎడ్లదే అన్నాడు నాయుడు. రెండోసారి అడిగాడు. ఎడ్లదే అన్నాడు. మూడోసారి అడిగాడు. ఎన్నిసార్లు చెప్పాలి, ఎడ్లదే అని విసుక్కున్నాడు.

గురవయ్య కర్ర ఊతంగా నిలబడ్డాడు.

"సరే పెద్దయ్యా. తప్పు చేసినవాళ్లే నష్టం తీర్చాలి కదా. నా కాలు పోయింది. నా కాలు చేసే పని మట్టి తొక్కడం. ఆ ఎడ్లే వచ్చి తొక్కాలి, నా కాలు బాగయ్యేదాకా."

గురవయ్య అడిగింది నాయుడి మాట మీదే నిలిచింది. ఊరిపెద్ద దాన్ని కాదనలేకపోయాడు.

మర్నాటి నుంచి ఎడ్లు గురవయ్య వాకిట్లో మట్టి తొక్కాయి. అంతలో తొలకరి పడింది. ఊరంతా దుక్కి దున్నుతోంది. నాయుడి చేను మాత్రం అలాగే పడి ఉంది.

నాయుడు తట్టెడు జొన్నలు పంపాడు, ఎడ్లను విడిచిపెట్టమని. నా కాలు తొక్కింది ఎవరో తేలాలి అని గురవయ్య తట్టను తిప్పి పంపాడు. నాయుడు పాడి ఆవును పంపాడు. పాలు లేక ముసలితల్లి నీరసించి ఉంది. అయినా గురవయ్య ఆవును కూడా తిప్పి పంపాడు. దయ చూపి ఇచ్చేది నాకెందుకు, నాకు రావలసింది రావాలి అన్నాడు.

మూడోసారి నాయుడే వచ్చాడు, వెనకాల కోటప్ప. ఊరు చూస్తోంది.

"బండి నాది. నా బండివాడు నిద్రపోతాడని తెలిసీ ఊరుకున్నాను" అన్నాడు నాయుడు తల దించుకుని.

కోటప్ప ముందుకు వచ్చాడు.

"పగ్గాలు గుంజకు చుట్టింది నేను. తోలింది నేనే మామా."

గురవయ్య లేచి ఎడ్ల మెడలు నిమిరి, తన చేత్తోనే పలుపు విప్పాడు. ఆనాడు ఊరిపెద్ద ముందు మాట కుదిరింది. గురవయ్య ఉన్నన్నాళ్లూ ప్రతి పంటకూ ఇంటికి చాలినన్ని గింజలు నాయుడు కొలవాలి. రోజూ బండి కట్టేముందు కోటప్ప వచ్చి మట్టి తొక్కాలి. ఆ కాలు బాగవలేదు. కోటప్ప ఒక్కరోజు మానలేదు. గురవయ్య పోయినరోజు కూడా వచ్చాడు; దహనానికి పట్టిన కుండ అతను తొక్కిన మట్టితో చేసిందే.

ఆ గుడిసె ఇప్పుడు లేదు. మలుపు ఉంది. ఇప్పటికీ అక్కడికి రాగానే బండివాడు ఎంత తొందరలో ఉన్నా కిందికి దిగుతాడు. పగ్గాలు చేతికి చుట్టుకుని, ఎడ్ల పక్కనే నడుస్తాడు. వాకిలి ఉండిన వైపు తిరిగి, పైకి వినబడేలా ఒక మాట అంటాడు.

"గురవయ్యా, తోలుతున్నది నేనే."