రాజావారి కంప్యూటరు నిద్ర లేచే వైనం

సంస్థానం ఎప్పుడో పోయినా దర్పం మాత్రం పోని రాజావారు ఒకరుండేవారు. ఆయన కంప్యూటరు మీట నొక్కితే, అది తెరుచుకునేలోపు చేతిలో కాఫీ చల్లారిపోయేది.

"తడిగుడ్డతో తుడిచి తుడిచి దీన్ని పాడుచేశావే. రేపటినుంచి పనిలోకి రాకు," అన్నారు ఇల్లు ఊడ్చే అసిరమ్మతో.

రోజూ ఆ గది ఊడుస్తూ తెర మీద తను చూసిందంతా అసిరమ్మకు బాగా గుర్తుంది.

"రేపు పొద్దుటిదాకా ఆగండి బాబూ, తప్పెవరిదో చూపిస్తాను," అంది.

మర్నాడు రాజావారు కళ్ళు తెరిచేసరికి మంచం చుట్టూ జనం. సిద్ధాంతి రాశిఫలాలు చదువుతున్నాడు. పాటగాడు రాగం తీస్తున్నాడు. మంగలి గడ్డం పట్టుకున్నాడు. కూరేం చెయ్యమంటారని వంటవాడు. దొరగారు లేవగానే రమ్మన్నారని అందర్నీ పిలుచుకొచ్చింది అసిరమ్మే.

రాజావారికి స్నానాలగదికి పోవలసిన అవసరం ముంచుకొచ్చింది. అడుగు పడితేగా!

"లేచి ఇంతసేపయినా కదలరేం బాబూ? మీ కాళ్ళు కూడా నేను తడిగుడ్డతో తుడిచానా?" అంది అసిరమ్మ, చీపురుతో గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"ఇంతమంది ఒక్కసారి మీద పడితే ఎలా కదలనే!"

"మీ పెట్టె గతీ అంతే. కన్ను తెరవగానే రాశిఫలాలు, పాటలు, చదరంగం అన్నీ దాని మీద పడుతున్నాయి. పొద్దున్నే నేనూ రానా అని ఏదడిగినా, సరేనని నొక్కింది మీరే. వాటిని రావద్దనండి, కావలసినప్పుడు పిలుచుకోండి."

"అంటాను, అంటాను! ముందు వీళ్ళని పొమ్మను!"

"మరి నా పనో?"

"నీ పని నీదేనే తల్లీ, ఆ గుమ్మం వదులు!"