చలి తగిలిన వైరు

విజయనగరంలో నరహరి మాస్టారి దగ్గర వయొలిన్ నేర్చుకునేవాళ్లకి ముందు ఓర్పు అబ్బుతుంది, సంగీతం తరవాత. ఆయన దగ్గర తన గురువుగారి కచేరీ టేపు ఒకటుంది. నకలు తీయిస్తే కళ తప్పుతుందన్న భయంతో ఆ ఒక్కదాన్నే ప్రాణంలా దాచుకున్నారు. టేపు తిరుగుతున్నంతసేపూ పక్కనే ఆయన వ్యాఖ్యానమూ తిరుగుతుంది. మంచి పట్టు రాగానే "ఇదిగో, ఇక్కడ" అని తొడ మీద ఒక్క చరుపు చరుస్తారు. పెద్ద గురువుగారి వయొలిన్ కన్నా ఆ చరుపే శిష్యుల చెవుల్లో బాగా నిలిచిపోయిందని గిట్టనివాళ్లు కాదు, శిష్యులే అనుకుంటారు.

వాళ్లలో గిరిధర్‌ది మంచి చెవి. అద్దెగదిలో మంచానికి చోటు లేకపోయినా నిలువెత్తు స్పీకర్లు రెండు నిలబెట్టుకుని, వాటి మధ్య చాప మీద పడుకునే మనిషి. ఒకరోజు పాఠం అయ్యాక అడిగాడు.

"మాస్టారూ, స్పీకరు వైర్లు ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టి, మర్నాడు మెల్లగా చలి వదలనిస్తే పాట తేటగా వస్తుందట. టేపులకీ అంతేనట. నిజమేనంటారా?"

"ఎవరన్నారు?"

"ఫోనులో మా గ్రూపువాళ్లు. అంతా పెద్ద పెద్ద సిస్టమ్‌లున్నవాళ్లే."

మాస్టారు నవ్వలేదు. తంబురా తీగ కింద నూలుపోగు సర్దుతూ, "ఈ పోగు వెంట్రుకవాసి జరిపితే తంబురాకి జీవం వస్తోంది. నీ వైరు సంగతి కాదనడానికి నేనెవణ్ణి?" అన్నారు.

అదే సందని గిరిధర్, "అయితే పెద్ద గురువుగారి టేపు కూడా..." అన్నాడు. మాస్టారి చెయ్యి దానంతటదే టేపు డబ్బా మీదికి పోయింది. ఆ పాత టేపుకి చెమ్మ తగిలితే ఇక మిగలదని ఆయనకి తెలుసు.

"ముందు వైరు చూద్దాం. తేడా నా చెవికి తెలిస్తే టేపు నీ చేతికిస్తాను."

గిరిధర్ గదిలో ఫ్రిజ్ లేదు. వైరుని గుడ్డలో మూటకట్టి సుభద్రమ్మగారికి అప్పగించి, తెల్లారాక తీసి పక్కనుంచమని చెప్పాడు. ఆవిడ మాస్టారి భార్య, పెద్ద గురువుగారి కూతురు. "తినేది కాదు కదా" అని మూట వాసన చూసి మరీ పుచ్చుకుంది.

మర్నాడు సాయంత్రం స్పీకర్లు ఆటోలో దిగాయి. మూట విప్పి వైరు తగిలించాడు. పరీక్ష కనక ఫ్యాను ఆపారు, వీధి తలుపు మూశారు. మధ్యలో మాట్లాడనని మాస్టారు ఒట్టు పెట్టుకున్నారు. ఆయన సాధనలన్నిటిలోకీ అదే కఠినమైనదని బిగబట్టిన పెదవులు చూస్తేనే తెలుస్తోంది.

టేపులో తోడి ఆలాపన సాగింది. "ఇదిగో, ఇక్కడ" రావలసిన చోటు వచ్చింది. మాస్టారి చెయ్యి లేచి గాల్లోనే ఆగిపోయింది. పెద్ద గురువుగారు కమాను ఎత్తిన ఆ కాస్త ఖాళీలో, తంబురా మీటుతున్న చేతి గాజు సన్నగా ఘల్లుమంది.

గిరిధర్ మాస్టారి వైపు చూశాడు. ఏ తేడా లేదంటే చాలు, టేపు ఆయనకి దక్కుతుంది.

"తెలిసింది" అన్నారాయన. "పెళ్లయిన నాటి నుంచీ వింటున్నాను. ఈ గాజు ఇవాళే వినపడింది."

లేచి, టేపు తీసి డబ్బాలో పెట్టి శిష్యుడి చేతికిచ్చారు. ఇచ్చాక కూడా కాసేపు వేళ్లు వదల్లేదు.

గిరిధర్ ఆ టేపుని కూడా ఫ్రీజర్లో పెడదామని డబ్బాతో బయల్దేరాడు. వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీశాడు.

"ఇంకోటి తెచ్చావా నాయనా?" అంది సుభద్రమ్మగారు. "పైనంతా బఠాణీలూ కొబ్బరికోరూ. నిన్నటి మూటకే చోటు లేక బియ్యం డబ్బా మీద పెట్టాను."

"అసలు లోపల పెట్టనే లేదా అమ్మగారూ?"

"చెబుదామంటే అప్పటికే సైకిలెక్కేశావు. ఏం, పాడైందా?"

గాజు సంగతి చెప్పాడు. ఆవిడ గరిటె కిందపెట్టింది.

"అది నా గాజే. నాన్నగారు అక్కడ కమాను ఎత్తుతారు. మీ మాస్టారు సరిగ్గా అక్కడే తొడ చరుస్తారు."

గిరిధర్ వెనక్కి వచ్చి, టేపు మాస్టారి ఒళ్లో పెట్టి, ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. మాస్టారు తన అరచెయ్యి తిప్పి ఒకసారి చూసుకున్నారు. తరవాత వంటింటి వైపు తిరిగి, "సుభద్రా, పొయ్యి కట్టేసి ఇలా వచ్చి కూచో. టేపు మొదటినుంచి పెడుతున్నాడు" అని పిలిచారు.

"మరి ఈ వైరు తీసేసి పాతది పెట్టమంటారా మాస్టారూ?" అన్నాడు గిరిధర్ తలవంచుకుని.

"ఉండనీ నాయనా. ఒక్క రాత్రి బియ్యం డబ్బా మీద పడుకుని ఇంత పని చేసే వైరు ఊరికే దొరుకుతుందా?"