పేరు పుచ్చుకున్న ఉడుత

సెలూన్లో నున్నగా గడ్డం గీయించుకుని, "డబ్బులెందుకన్నా, ఈ మొహం ఊరంతా తిప్పుతాగా, నీకే పేరొస్తుంది" అని లేచి వచ్చేసినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. మరి బొమ్మలేసేవాళ్ళ దగ్గర మాత్రం ఆ మాట అంత తేలిగ్గా ఎలా ఊడిపడుతుంది? మీరు ఆలోచిస్తూ ఉండండి, ఈలోగా ఒక ఉడుత సంగతి చెబుతాను.

తుమ్మలకోన అడవిలో చారుమతి అనే ఉడుత ఉండేది. వీపు మీద మూడు చారలు, వెనకాల కుచ్చులాంటి తోక. ఆ తోకే ఆమె కుంచె. అడవి చిత్రకళాశాలలో నాలుగేళ్ళు చదివి, టేకాకు మీద రాసిచ్చిన పట్టా పుచ్చుకుని బయటికొచ్చింది. గేటు దాటగానే ఆ పట్టాని మేక తినేసింది. "దస్తూరీ బాగుంది" అని మెచ్చుకుంది కూడా.

పట్టా పోతే పోయింది, తోక ఉందిగా అనుకుంది చారుమతి. చిక్కల్లా ఒకటే. బొమ్మ వేసినప్పుడల్లా తోకలో వెంట్రుకలు ఊడతాయి. కడుపు నిండా పల్లీలు తింటేనే మళ్ళీ మొలుస్తాయి.

మొదటి పని నక్క ఇచ్చింది. పేరు జంబుకరాయుడు. అడవిలో ఏ సభ జరిగినా ముందు వరసలో కూర్చునే ఘటం.

"మా గుహ గోడలకి బొమ్మలు వెయ్యమ్మా."

"అలాగే బాబాయ్ గారూ. గోడకో బుట్టెడు పల్లీలు."

నక్క చెవులు మూసుకుంది. "శివశివా! కళాకారిణివి, నీ నోట పల్లీల మాటా? నీకు అనుభవం వస్తుంది. అయినా ఉడుతా భక్తి అన్నారు పెద్దలు. మీ వంశంలోనే ఉంది తల్లీ, ఊరికే చెయ్యడం!"

"నక్క తోక తొక్కావే పిల్లా!" అని ఇరుగుపొరుగు మురిసిపోయారు. నిజానికి నక్కే దీని తోక తొక్కింది. గుహ అయ్యాక బావమరిది బొరియ, బొరియ అయ్యాక అల్లుడి పొద. అనుభవం సరిపడా వచ్చేసిందనుకుందో ఏమో, నక్క మాట మార్చింది. "ఈసారి పేరొస్తుందమ్మా."

తోక అరిగిన చీపురైంది. తల్లి ఉడుత నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది.

"వచ్చిందా పేరు?"

"వచ్చిందమ్మా. అందరూ 'ఊరికే వేసే ఉడుత' అంటున్నారు."

"పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఆ పేరుని వేయించుకు తింటావా, ఉడకేసుకు తింటావా? ఇక చాలు. రేపట్నించి నాతో చేలో కాయలేరడానికి రా."

చారుమతి తోక ముందుకు తిప్పి చూసుకుంది. "ఇంకొక్క బొమ్మకి సరిపడా ఉందమ్మా. అదీ వేసి వస్తా."

మర్నాడే నక్క వచ్చింది. "మృగరాజుగారి పుట్టినరోజు. కొండరాయి మీద ఆయన బొమ్మ వెయ్యాలి. నా కానుక అన్నమాట. దీంతో నీకు పేరే పేరు!"

"తప్పకుండా బాబాయ్ గారూ. కాకపోతే ఈసారి రాసివ్వండి, పేరిస్తానని."

తుమ్మలకోనలో ఒప్పందాలన్నీ తాబేలు తాత డిప్ప మీదే రాస్తారు. వానకి చెరగవు, తాత పరిగెత్తలేడు. తాత మెడ బయటికి చాచి అడిగాడు, "పేరిచ్చును అని రాయించారు సరే. ఎవరి పేరు నాయనా?"

నక్క విసుక్కుంది. "అడవంతా మోగే పేరు నాదొక్కటేగా! నా పేరే ఇస్తాను, ఇంకెవరిది ఇస్తాను? రాసెయ్!"

తాత ఆ మాటే ఉడుత చేత డిప్ప మీద రాయించాడు. నక్క పంజా గుర్తు వేసింది. చారుమతి ఆఖరి వెంట్రుక దాకా ఊడ్చి సింహం బొమ్మ వేసింది.

పుట్టినరోజున కొండ గేటు దగ్గర ఎలుగుబంటి అతిథుల జాబితా పట్టుకుని నిలబడింది. దానికి చదవడం వచ్చు, ఆలోచించడం రాదు.

"పేరు?"

"జంబుకరాయుడు," అంది ఉడుత.

ఎలుగు కిందకి చూసింది. "రాయుడుగారంటే ఆజానుబాహువు, బొచ్చు తోక అని విన్నానే?"

"పని ఎక్కువైందన్నా, అరిగిపోయాను." పక్కనే ఉన్న తాబేలు తాత డిప్ప తిప్పి చూపించాడు. ఎలుగు రెండుసార్లు చదివి సలాం కొట్టింది. ముందు వరసలో కుర్చీ, ఆ పైన బొమ్మ కానుకిచ్చినందుకు శాలువా. శాలువా కింద ఉడుత కనబడక, జనం శాలువాకే చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఊడిపడింది నక్క. "తప్పుకో! నేను జంబుకరాయుణ్ణి!"

"ఆయన లోపలున్నారు. సన్మానం జరుగుతోంది."

"ఒరేయ్, నేను నక్కనిరా!"

"నక్క అని జాబితాలో లేదు. పేరు చెప్పండి."

నక్క తనకున్న ఒక్క పేరూ పంజా గుర్తేసి ఇచ్చేసుకుంది. లోపల తన పేరుకి జేజేలు కొడుతుంటే కంచె సందులోంచి విని ఏడ్చింది. శాలువా ఈడ్చుకుంటూ ఉడుత బయటికొచ్చింది.

"నా పేరు నాకిచ్చెయ్ తల్లీ!"

"ఊరికేనా? కొన్నాళ్ళు పేరు లేకుండా ఉండండి బాబాయ్ గారూ. అనుభవం వస్తుంది."

చివరికి బేరం తెగింది. గుహకి, బొరియకి, పొదకి, కొండకి, అన్నిటికీ పల్లీలు నక్కే నెత్తిన మోసి తేవాలి. బుట్టతో దారిలో కొండ గేటు దాటిన ప్రతిసారీ ఎలుగుబంటి మామూలుగానే అడిగేది, "పేరు?"

"ఇంకా రాలేదు," అని గొణిగేది నక్క.

ఆఖరి బుట్ట దిగాక చారుమతి పేరు తిరిగిచ్చేసింది. కాస్త వాడిన పేరు. ఆ వానాకాలానికల్లా తోక మళ్ళీ కుచ్చులా మొలిచింది.

నీతి: పేరు పల్లీకాయ కాదు, ఒలిచి చూస్తే లోపల గింజ ఉండదు.

ఇక మీతో పని. మీ పెళ్ళి శుభలేఖకో, కొట్టు బోర్డుకో, పాప పుట్టినరోజు బ్యానర్‌కో బొమ్మ వేసిచ్చిన మనిషి ఒకరుంటారు. గుర్తొచ్చారా? ఫోను తియ్యండి. "నీకు మంచి పేరొచ్చింది" అనకండి. "ఎంతివ్వాలి?" అని అడగండి. ఇప్పుడే, నా ముందే.