మందారానికి తలంటు

ఒకానొక రాజ్యాన్ని మణికేతుడనే రాజు ఏలేవాడు. తనకు తెలియనిది లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం.

ఒకనాటి ఉదయం రాజుగారి తోటలో మందార కొమ్మల గణుపుల్లో, ఆకుల అడుగున తెల్లగా పిండి అద్దినట్టు కనిపించింది. రాజు నీళ్లు చల్లించాడు. చుక్కలు జారిపోయాయి గాని తెలుపు తడవలేదు.

"చూశారా! సాక్షాత్తూ లక్ష్మీదేవి మా తోటలో వెలిసింది. ఎవరు తాకినా రాజ్యం వదిలిపోవాలి. చెట్టు వాడిందో, తోటమాలికీ అదే శిక్ష!" అని చాటించాడు.

తోట చూసే పోలాయి ఆ చాటింపు విన్నది. పరుగున ఆస్థాన హాస్యగాడు గవరయ్య దగ్గరికి వెళ్లింది.

"అది దేవత కాదు బాబూ, పిండినల్లి. మొక్క రసం తాగే పురుగు. తాకితే నన్ను తరిమేస్తారు, తాకకపోతే చెట్టు చచ్చి తరిమేస్తారు."

"పురుగా? కదలడం లేదే!"

"తీరిగ్గా చూడాలి."

గవరయ్య ఆమె వెంట తోటకొచ్చి చెట్టు ముందు చతికిలబడ్డాడు. పూటంతా చూశాడు. చీమలు బారులుగా వచ్చి ఆ తెల్లటివాటిని మీసాలతో తడుముతున్నాయి, అవి వదిలిన చుక్కను తాగుతున్నాయి. ఒక చీమ చిన్న పిల్లనల్లిని నోట కరుచుకుని కొత్త చిగురు మీద దించింది. కింద రాలి జిగటగా ఉన్న ఆకును గవరయ్య నాలికతో తాకి చూశాడు. తియ్యగా ఉంది!

"దీనికి మందేమిటే?"

"కుంకుడు రసంలో నాలుగు చుక్కలు వేపనూనె గిలక్కొట్టి పోస్తే ఆ పూత ఊడుతుంది. నూనె ఎక్కువైతే ఆకు మాడుతుంది, జాగ్రత్త. అయినా పోసేదెవరు బాబూ?"

"నూనె, కుంకుడు రసం..." గవరయ్య ముసిముసిగా నవ్వాడు.

మర్నాడు సభలో చేతులు కట్టుకుని అన్నాడు: "ప్రభూ, పుట్టింటికొచ్చిన ఆడపడుచుకే తలంటి పోస్తామే, అమ్మవారు వచ్చి రెండు రోజులైనా తలంటు లేదు!"

రాజు తడబడి, "మాకు తెలియదనుకున్నావా? శుక్రవారం ముహూర్తం పెట్టాం" అన్నాడు.

"మరి ఎవరూ తాకకూడదు కదా?"

"మేమే పోస్తాం!"

శుక్రవారం పోలాయి రసం కలిపి ఇచ్చింది. రాజు వెండి చెంబుతో ఆకుల అడుగుకంటా పోశాడు. తెలుపు కరిగింది. గులాబీ రంగు నలుసులు కింద పెట్టిన పళ్లెంలో రాలాయి.

రాజు వంగి చూశాడు. "గవరయ్యా, వీటికి కాళ్లున్నాయేం?"

"ఒక్కోదానికి ఆరు, ప్రభూ."

"పురుగులా! మాతో పురుగులకు తలంటు పోయిస్తావా? ఆజ్ఞ మీరావు, రాజ్యం వదిలిపో!"

"నేను వేలైనా పెట్టలేదు ప్రభూ. చెంబు ఎవరి చేతిలో ఉందో చూడండి. పొలిమేర దాకా పల్లకీ సిద్ధం చేయించమంటారా?"

రాజు తన చేతిలోని చెంబును చూసుకున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆజ్ఞ రద్దు చేసి, మెడలోని ముత్యాల హారం గవరయ్యకు వేసి, తోట మీద సర్వాధికారం పోలాయికి ఇచ్చాడు.

పోలాయి దణ్ణం పెట్టి, "అయితే దొరా, గుడ్లు మిగిలుంటాయి. వారం తిరక్కుండా మళ్లీ పోయాలి. చీమలెక్కకుండా మొదలుకు ఆముదం గుడ్డ కట్టాలి" అంది.

రాజు చెంబు కింద పెట్టి బుద్ధిగా అడిగాడు:

"ఎన్ని గంటలకు రమ్మంటావు?"