అసిరమ్మ తిప్పిన ఏడు రాళ్ళు

దుప్పట్లు కప్పుకున్నారా? కిట్టూ, చెల్లి మీద నుంచి కాలు తియ్యి. ఆ, ఇక వినండి.

అనగనగా, కొండ దిగిన నీళ్ళు మొట్టమొదట పలకరించే ఊరొకటి. ఆ ఊరికో రాజు. పెద్ద రాజేం కాదు, రెండున్నర ఊళ్ళకి రాజు. ఆయనకి శుభ్రం పిచ్చి. తుడిచిన అరుగే తుడిపించేవాడు, కడిగిన చెంబే కడిగించేవాడు. జనం చాటుగా తుడుపురాజు అనుకునేవారు.

ఆయనకి ఒక్కడే కొడుకు, సింహాద్రి. నెమ్మదైన పిల్లాడు. ఓసారి సంతలో పైఊరి పిల్ల పైడితల్లిని చూశాడు. ఆ పిల్లా ఇతన్ని చూసింది. ఆనపకాయ అడిగితే గుమ్మడికాయ చేతిలో పెట్టారట, అదీ తెలియలేదు ఇతనికి. ఇంటికొచ్చి, చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానన్నాడు.

పైడితల్లికి అమ్మా నాన్నా లేరు. పెంచింది వాళ్ళమ్మమ్మ అసిరమ్మ. ఆ కొండ ఊళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పిల్లనిచ్చే ముందు ఇల్లు చూడరు, గొడ్డూ గోదా చూడరు. ఆ ఊరి గెడ్డ చూస్తారు. గెడ్డంటే తెలుసుగా, కొండల్లోంచి పారే చిన్న ఏరు. ఇంటి పెద్దావిడ అందులో దిగి ఏడు రాళ్ళు తిప్పి చూస్తుంది. పిల్ల జన్మంతా తాగాల్సిన నీళ్ళు కదా మరి.

అసిరమ్మ వస్తోందని కబురొచ్చింది. తుడుపురాజు హడావిడి పడిపోయాడు. "ఆవిడ గెడ్డ చూడ్డానికి వస్తుందట్రా! రాళ్ళ కింద పురుగులున్నాయి కదరా! మన పరువేం కాను?" అన్నాడు. సున్నం తెప్పించాడు, బూడిద తెప్పించాడు, కొబ్బరిపీచు తెప్పించాడు. ఊరంతా దిగి తోమారు. పెద్ద రాయి తోమారు, చిన్న రాయి తోమారు, రాయి కింద రాయి తోమారు. ఒడ్డునున్న కానుగ చెట్లు నీళ్ళలో ఆకులు రాలుస్తున్నాయని వాటి కొమ్మలూ కొట్టించాడు. గెడ్డ అద్దంలా మెరిసింది.

ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టండి, నాకు వినపడొద్దూ!

అసిరమ్మ వచ్చింది. వెనకే పైడితల్లి వచ్చింది. ముసలమ్మ కుచ్చెళ్ళు ఎగదోపి నీళ్ళలో దిగింది. మొదటి రాయి తిప్పింది, ఉత్తదే. రెండో రాయి తిప్పింది, ఉత్తదే. మూడోది ఉత్తదే, నాలుగోది ఉత్తదే, అయిదోది, ఆరోది ఉత్తవే. ఏడో రాయి తిప్పి, అలాగే ఒడ్డున కూలబడింది.

రాజు మురిసిపోతూ, "చూశావా పెద్దమ్మా, ఒక్క పురుగు లేదు!" అన్నాడు.

"అదే నాయనా, ఒక్క పురుగు లేదు. పురుగే బతకని నీళ్ళకి నా పిల్లనెలా పంపను?"

అని లేచి వెళ్ళిపోయింది. పైడితల్లి మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. సింహాద్రి పరుగెత్తి ముసలమ్మకి అడ్డం పడ్డాడు. ఏం చెయ్యమంటే అది చేస్తానన్నాడు.

"ఏమీ చెయ్యొద్దురా అబ్బాయ్, అదే కష్టం. మీ నాన్న చేతిలో పీచు లాక్కో. ఆకులు రాలనీ. పైనుంచి తన వాళ్ళని గెడ్డే పిలుచుకుంటుంది. ఇసక రేణువులు అతికించుకుని గొట్టంలాంటి ఇల్లు కట్టుకునే పురుగొకటి ఉంటుంది. నీళ్ళు చెడితే ముందు పోయేది అదే, బాగుపడితే చివర్న వచ్చేది అదే. ఏడాదికి మళ్ళీ వస్తాను. అది కనపడితే పిల్ల నీది, లేకపోతే లేదు. ఏడు రాళ్ళే. ఎనిమిదోది తిప్పను."

కానుగలు చిగురించాయి. ఆకులు రాలాయి. కానీ ముందొచ్చింది ఏమిటనుకున్నారు? పాచి! రాళ్ళన్నీ పచ్చగా, జిగురుగా. రాజుకి చేతులు దురద. "ఒక్క రాయిరా, ఒక్కటంటే ఒక్కటి తోముకుంటాను" అని బతిమాలేవాడు. సింహాద్రి గెడ్డ మధ్య రాయెక్కి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. తండ్రి ఒడ్డున, కొడుకు నీళ్ళలో. అన్నం కూడా అక్కడికే.

ఒకనాడు ఓ నత్త వచ్చింది. పాచి మీద పాకుతూ గీరుకుంటూ పోయింది. వెనక సన్నటి శుభ్రమైన దారి. రాజు గొంతుకూర్చుని పొద్దంతా దాన్నే చూశాడు. "వీడు నాకంటే బాగా తోముతున్నాడురా సింహాద్రీ!" అన్నాడు. అంతే, పీచు పారేశాడు. రోజూ నత్తల్ని పలకరించి కానీ చద్దన్నం తినేవాడు కాదు.

ఏడాది తిరిగింది. అసిరమ్మ వచ్చింది, పైడితల్లి వచ్చింది. మొదటి రాయి కింద నత్త. రెండో రాయి కింద చిన్న పీత. మూడో రాయి కింద మూడు తోకల పురుగు. నాలుగో రాయి కింద చేపపిల్ల, తుర్రుమంది. అయిదో రాయి కింద మళ్ళీ నత్త. ఆరో రాయి కింద మళ్ళీ మూడు తోకలది. ఇసక ఇల్లు మాత్రం లేదు.

ఏడో రాయి మీద చెయ్యి వేసి ముసలమ్మ ఆగింది. పైడితల్లి కళ్ళు మూసుకుంది. రాజు ఒడ్డు మీంచి ముందుకి వంగాడు.

తిప్పింది. ఏమీ కనపడలేదు. మొహం ఇంకా దగ్గరగా పెట్టింది. ఒక మూల, బియ్యపు గింజంత, ఇసక గొట్టం. అదీ సగమే. లోపలి నుంచి పురుగు చిన్న తల బయటపెట్టి, ఇంకో రేణువు కోసం వెతుక్కుంటోంది.

రాజు గుసగుసగా, "పెద్దమ్మా, సగం ఇల్లు చెల్లుతుందా?" అని అడిగాడు.

అసిరమ్మ ఆ రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే, పసిపిల్లని పడుకోబెట్టినట్టు, నీళ్ళలో పెట్టేసింది. "మిగతా సగం అదే కట్టుకుంటుందిలే నాయనా. మా పిల్లా అంతే, వచ్చి కట్టుకుంటుంది" అని, పైడితల్లి చెయ్యి తీసి సింహాద్రి చేతిలో పెట్టింది.

పెళ్ళి ఆ గెడ్డ ఒడ్డునే అయింది. అందరూ చల్లగా ఉన్నారు. రాజు బురద కాళ్ళతోనే అక్షింతలు వేశాడట!

అందుకని కిట్టూ, ఏట్లో రాయి తిప్పి చూడు, కాదనను. చూశాక ఎలా ఉన్నది అలాగే పెట్టు. కింద ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఉంటారు.

కిట్టూ? ఊ లేదేమిరా? పడుకున్నారూ, ఇద్దరూనూ. సరే, కథ గెడ్డ వెంట సముద్రానికి, మనం దుప్పట్లోకి.