ఆరేసిన కబురు

రత్నగిరిలో ఏ కబురైనా మంత్రిగారి దండోరావాళ్ల నోటే వెళ్లాలి. వాళ్లేమో ముందు మంత్రిగారి నశ్యం గొప్పలు అరిచి, ఆనక మన కూతురి పురుడు సంగతి ఊరంతా వినేలా చెప్పేవారు.

విసిగిపోయిన చాకలి నూకాలు, తనకు మనవరాలు పుట్టగానే ఆ సంగతి పొరుగూరి చుట్టాలకు తెలిసేలా కొండమీద ఎర్రచీర ఆరేసింది. అది చూసి పొరుగూరివాళ్లూ అలాగే గుడ్డలతో కబుర్లు చెప్పడం మొదలెట్టారు. కొన్నాళ్లకు రాజ్యమంతా దండేలే, దండోరా అడిగినవాడు లేడు.

మంత్రి మండిపడ్డాడు. "ఇకపై ఎవరూ గుడ్డ ఆరేయకూడదు!"

"చిత్తం దొరా" అంది నూకాలు.

మర్నాడు మంత్రి నీళ్లోడే పంచెతో సభకొచ్చాడు. రాజు తెల్లబోయి, నూకాలును పిలిపించాడు.

"ఆరేయొద్దన్నది మంత్రిగారే మారాజా. రేపు తమరు కట్టే పట్టుపంచె కూడా రేవులో తడిసే ఉంది."

ఆజ్ఞ అప్పటికప్పుడే రద్దయింది. ఆ కబురు ఊళ్లకు ముందుగా చెప్పింది, కొండమీద రెపరెపలాడిన మంత్రిగారి పంచే.